వందేళ్ళ గోడా, ఎనిమిదేళ్ళ పిల్లా

"మండల ప్రజలకు ప్రకటన. వందేళ్ళకొకసారి వచ్చే వరదను సైతం తట్టుకునేలా నిర్మించిన మన ఏటి గోడను, ప్రాథమిక పాఠశాల రెండవ తరగతి విద్యార్థిని కుమారి జ్వో మిన్‌మిన్ నిన్న సాయంత్రం రబ్బరు బంతితో కూల్చివేసినట్లు విచారణలో తేలింది. ప్రజల ఆస్తికి కలిగిన ఈ నష్టాన్ని ఆమె తల్లిదండ్రుల నుంచి వసూలు చేయాలని మండలాధ్యక్షులు హోంగ్ మావ్‌షెంగ్ గారు నిర్ణయించారు. చట్టం ముందు చిన్నా పెద్దా తేడా లేదని వారు తెలియజేస్తున్నారు. గోడ గట్టిదే. ప్రజలు ఆందోళన చెందవలసిన పనిలేదు."

ఈ ప్రకటన ఊరి మైకులో చదివింది నేనే. నేను ఈ ఊరి గ్రామపెద్దని, నా పేరు 'లో'. మొదట ప్రభుత్వ భాష మాండరిన్‌లో చదివి, తర్వాత ముసలివాళ్ళ కోసం మా ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో చదివాను. ఆ భాషలో "ప్రజల ఆస్తి"కి సరైన మాట తట్టక "అధ్యక్షులవారి గోడ" అన్నాను. ఎవరూ తప్పు పట్టలేదు.

హోంగ్ గారి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. మా అక్షరాల్లో హోంగ్ అంటే వరద. మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఆయన సభలో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. వరద ఇంటిపేరుగా ఉన్నవాడు వరదను ఆపకపోతే ఇంకెవరు ఆపుతారు అని. మా దగ్గర జవాబు లేదు. గెలిపించాం. అప్పటి నుంచీ మండలంలో ఏ ఇంట చావు జరిగినా పూలదండతో ముందు వచ్చేది ఆయనే. పోయినవారి పేరు తెలియకపోయినా ఏడవగల మనిషి. ఎన్నికలు దగ్గరపడితే ఆయన ముఖం అచ్చేసిన కాగితపు రుమాళ్ళు ఇంటింటికీ పంచుతారు. ఆ ముఖంతో నా చెమట తుడుచుకుంటూ చాలా ఎండాకాలాలు గడిపాను.

వంతెన నుంచి బడి దాకా ఏటి ఒడ్డున గోడ కట్టించింది ఆయనే. టెండరుకి మూడు కంపెనీలు వచ్చాయి. మూడింటికీ ఫోన్ నంబరు ఒకటే. కాంట్రాక్టర్లలో ఇంతటి ఐకమత్యం మా ద్వీపం మొత్తంలో ఎక్కడా చూడం. గెలిచిన కంపెనీ యజమాని హోంగ్ గారి సొంత బావమరిది అని తేలినప్పుడు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది హోంగ్ గారే. ఆ సంగతి ఆయనే విలేకరులకు చెప్పారు.

వసంతకాలంలో ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించారు. టపాకాయల దండ మాత్రం బాగా దూరంగా, వంతెన అవతల కాల్పించాడు బావమరిది. గోడ దగ్గర చప్పుడు చేయొద్దని అందరినీ పేరుపేరునా బతిమాలాడు. కన్నబిడ్డని నిద్రపుచ్చిన తల్లి కూడా అంత జాగ్రత్త పడదు.

అలాంటి గోడ వానలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం పడిపోయింది. నాలుగు రోడ్ల కూడలిలో జ్వో వెన్‌షాన్‌కి స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉంది. పక్కనే అతని భార్య ఛావ్‌యెన్ టిఫిన్ దుకాణం. వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల మిన్‌మిన్. షెడ్డు షట్టరుకి బంతి కొడితే చప్పుడవుతోందని ఎవరో కసిరితే, పిల్ల బంతి పట్టుకుని ఏటి గోడ దగ్గరికి పోయింది. బంతిని గోడకి తన్నడం, తిరిగొస్తే మళ్ళీ తన్నడం. కాసేపటికి బంతి తిరిగి రాలేదు. బస్సు పొడవున గోడ నిట్టూర్చినట్టు వంగి ఏట్లోకి పడుకుంది.

అందరికంటే ముందు అక్కడికి చేరింది నేనే. విరిగిన గోడ లోపల సిమెంటుతో పాటు చేపలు పెట్టి పంపే థర్మోకోల్ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. బావమరిదికి పాలబొంత చేపలు ఎగుమతి చేసే వ్యాపారం కూడా ఉందిలెండి. మిన్‌మిన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "తాతా, నేను మెల్లగానే తన్నాను" అంది.

ఆ మాట ఉన్నదున్నట్టు మండలాఫీసులో చెప్పాను. అక్కడ దాన్ని నేరాంగీకారం కింద రాసుకున్నారు.

మా మండలాఫీసు మేడ మీద రాజీ సంఘం ఉంది. కోర్టుల దాకా పోకుండా తగవులు తీర్చే పెద్దమనుషులు అక్కడ కూర్చుని టీ తాగుతుంటారు. వెన్‌షాన్ దంపతులను పిలిపించారు. గ్రామపెద్దగా నేనూ వెళ్ళాను. మండలం తరఫున సెక్రటరీ పెంగ్ గారు కూర్చున్నారు. పెంగ్ గారు చాలా మర్యాదస్తులు. నోటీసు ఇచ్చేటప్పుడు కూడా రెండు చేతులతో, తలవంచి ఇస్తారు.

థర్మోకోల్ సంగతి ముందుగా ఆయనే ఎత్తారు. అది తేలికపాటి టెక్నాలజీ అని, వరదను ఆపే గోడకు నీళ్ళలో తేలే గుణం కూడా ఉండాలన్న ముందుచూపుతో పెట్టిందని వివరించారు. పెద్దమనుషులు తలలూపారు. ఛావ్‌యెన్ ఊపలేదు. అది పుచ్చిపోయిన గోడ అని, అక్కడ పిల్ల లేకపోతే ఏ పిల్లి ఎక్కినా పడి ఉండేదని అంది.

పెంగ్ గారు ఒక కాగితం తీశారు. "అమ్మా, ఇది యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు ఇచ్చిన సర్టిఫికెట్. నిండు వరదని ఈ గోడ ఆపగలదని రాసి సంతకం పెట్టారు. ఈ సంతకం అబద్ధమంటారా?"

"సంతకం సంగతి నాకు తెలీదండీ. బంతికి పడిందా లేదా?"

"అదే నేనూ అంటున్నది. వరదకి కూడా పడని గోడ మీ అమ్మాయి బంతికి పడిందంటే, ఆ కాలు ఎలాంటిదై ఉండాలి?"

"దాని కాలు మీరు చూశారా అసలు? మొన్న చెప్పు తెగితే నడవలేక దారిపొడుగునా ఏడ్చింది."

"చెప్పు కూడా తెగిందా?" అన్నారు పెంగ్ గారు, రాసుకుంటూ.

వెన్‌షాన్ రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడడు. గోళ్ళలో నల్లటి ఆయిలు ఉన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని అప్పటిదాకా నేల చూస్తున్నాడు. తలెత్తకుండానే, "ఆ గోడ మా పాప మీద పడి ఉంటే?" అన్నాడు.

పెద్దమనుషులు టీ కప్పులు కింద పెట్టారు. ఆఖరికి సంఘం అధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. గోడ పిల్ల వైపు పడకుండా ఏటి వైపే పడిందంటే దానికి ఎంత బాధ్యత ఉందో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని అన్నారు. ఆ బాధ్యతలో సగమైనా పిల్లల పెంపకంలో ఉంటే ఈ పరిస్థితి వచ్చేదే కాదని కూడా అన్నారు.

కోర్టుకి వెళ్తామంది ఛావ్‌యెన్. తప్పకుండా వెళ్ళవచ్చని పెంగ్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. టిఫిన్ దుకాణం ముందు రేకుల పందిరి రోడ్డు మీదికి వచ్చిందని, నాలుగు బల్లలు కాలిబాట మీదే ఉన్నాయని, ఇన్నాళ్ళూ మండలం చూసీ చూడనట్టు పోయిందని గుర్తు చేశారు. వెన్‌షాన్ భార్య మోచేయి పట్టుకున్నాడు. ఇద్దరూ సంతకం పెట్టారు.

అంత సొమ్ము వాళ్ళ దగ్గర లేదన్న సంగతి అందరికీ తెలుసు. ఇక్కడే హోంగ్ గారి పెద్ద మనసు బయటపడింది. డబ్బే ఇవ్వనక్కర్లేదు, బాకీ తీరేదాకా ప్రతి ఉదయం మండలాఫీసు సిబ్బందికి టిఫిన్ పంపితే చాలని కబురు పెట్టారు. మర్నాటి నుంచి వెన్‌షాన్ స్కూటరు వెనక డబ్బాలు కట్టుకుని గుడ్డట్లు, ముల్లంగి కేకులు, సోయా పాలు మోసేవాడు. హోంగ్ గారి అట్టులో రెండు గుడ్లు, ఉల్లికాడలు వద్దు. సిబ్బంది అంతకు ముందు ఎప్పుడూ ఇంత టైముకి ఆఫీసుకు రాలేదని జనం ముచ్చటగా చెప్పుకున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. మిన్‌మిన్ ఒక్కటే పాడైపోయింది.

మైకులో చదివింది కాబట్టి నిజమేనని ఆ పిల్ల నమ్మింది. ఎనిమిదేళ్ళ పిల్లకి ప్రభుత్వం మీద ఉండవలసిన నమ్మకం అదే కదా. బంతిని షెడ్డులో పాత టైర్ల వెనక దాచేసింది. ఇదివరకు దుకాణంలో గిన్నెలు అందించేది, ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతోంది. తలుపు తెరవాలంటే వేలి కొనతో తోస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోదు. బళ్ళో టీచరమ్మ మంచి మనసుతో దాని బల్లని గోడకు దూరంగా జరిపించింది. పిల్లలు దానితో తాడు లాగే ఆట ఆడడం మానేశారు. ఆడితే తాడు అవతలి వాళ్ళు ఎగిరి ఏట్లో పడతారని ఎవడో అన్నాడట. ఆ మాట కూడా మిన్‌మిన్ నమ్మింది.

ఒక ఉదయం నేను గుడ్డట్టు కోసం వెళితే, ఛావ్‌యెన్ పెనం మీద నుంచి చూపు తిప్పకుండా మాట్లాడింది.

"అది నన్ను ముట్టుకోవడం లేదు బాబాయ్."

ఎవరు అన్నాను, తెలిసి కూడా.

"బడి నుంచి రాగానే వచ్చి నా నడుం పట్టుకుని వేలాడేది. పని చేసుకోనివ్వట్లేదని తిట్టేదాన్ని. ఇప్పుడు జానెడు దూరంలో ఆగిపోతుంది. దగ్గరికి రామ్మా అంటే, నీకేమన్నా అవుతుందేమో అంటుంది." అట్టు మాడుతోంది. ఆమె తిరగెయ్యలేదు. "ఆ మైకులో చదివింది మీరే కదా బాబాయ్. అదే మైకులో దాని తప్పేమీ లేదని ఒక్క ముక్క చదవండి. బాకీ మాఫీ చెయ్యమనట్లేదు. టిఫిన్లు జీవితాంతం పంపమన్నా పంపుతాను. ఆ ఒక్క ముక్క చాలు."

మైకు ప్రభుత్వానిది, పైనుంచి వచ్చింది మాత్రమే చదవాలి అని వివరించాను. ఆమె మాడిన అట్టు తీసి పక్కన పెట్టి నాకు కొత్తది వేసింది. డబ్బులు కూడా తీసుకుంది.

ఈలోగా టీవీ వాళ్ళు వచ్చారు. గోడ కూల్చిన పిల్ల అని దేశమంతా చూపించారు. విలేకరుల సమావేశంలో ఒక అమ్మాయి లేచి గోడ అంత బలహీనంగా ఎలా కట్టారని అడిగింది. హోంగ్ గారి కళ్ళు చెమర్చాయి. చావు ఇళ్ళలో చూశాను కాబట్టి నాకు ఆ చెమరింపు కొత్త కాదు. గోడ గురించి మాట్లాడి మా బిడ్డ ప్రతిభను తక్కువ చేయవద్దని ఆయన చేతులు జోడించారు. తాను బళ్ళలో ఉచితంగా పాలు పోయించడం మొదలుపెట్టిన నాడు అందరూ ఎగతాళి చేశారని, ఆ పాల ఫలితం ఇదిగో ఇవాళ ప్రపంచం చూస్తోందని అన్నారు. నష్టపరిహారం మాత్రం నష్టపరిహారమేనని, అభిమానం వేరు, చట్టం వేరు అని ముగించారు.

మరుసటి వారానికల్లా కూడలిలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. హోంగ్ గారు, మిన్‌మిన్, కింద "మన మండలం, మన బలం" అని. ఫోటోలో ఆయన చెయ్యి పిల్ల భుజం మీద ఉన్నట్టే ఉంటుంది కానీ తగలదు. ఎదుటి పార్టీ అభ్యర్థిని ఊరుకుంటుందా? తాను గెలిస్తే ఆడపిల్లలు ఇంతకంటే పెద్ద గోడలు కూల్చేలా చేస్తానని హామీ ఇచ్చింది.

పడిపోయిన ముక్కని బావమరిదే మళ్ళీ కట్టాడు. దాని బిల్లు కూడా పాసయింది. ఆ సందర్భంగా ఆగస్టులో మిన్‌మిన్‌కి సన్మానం చేసి, కెమెరాల ముందు కొత్త గోడకి బంతి తన్నించాలని హోంగ్ గారికి ఆలోచన వచ్చింది. బావమరిదికి ఆ మాట విన్న రోజు నుంచీ అన్నం సహించలేదు. పెంగ్ గారు ఫైలు ముందేసుకుని ఇబ్బందిని ఇలా విప్పి చెప్పారు. తన్నితే గోడ పడిందనుకోండి, మళ్ళీ పడిందంటారు. పడలేదనుకోండి, పిల్లకి బలం లేదని తేలిపోతుంది, అప్పుడు మొదటిసారి ఎలా పడింది అని అడుగుతారు, టిఫిన్లు ఆగిపోతాయి. గదిలో ఉన్న వాళ్ళందరం చాలాసేపు ఆలోచించాం. ఉపాయం చెప్పింది మాత్రం హోంగ్ గారే. పిల్ల గోడకి వీపు పెట్టి నిలబడి, రోడ్డు అవతల పొలం వైపుకి తన్నాలి. నాయకత్వ లక్షణం అంటే ఇదీ అని నాకు ఆనాడే అర్థమైంది.

సన్మానం రోజు ఎండ మండిపోతోంది. డప్పులు, బెలూన్లు, బడి పిల్లల నాట్యం అన్నీ ఉన్నాయి. నీడ అంటూ ఉన్నది ఒక్క గోడ పక్కనే. అతిథుల కుర్చీలు మాత్రం రోడ్డు అవతల, పొలానికి ఓ పక్కగా, నడి ఎండలో వేశారు. హోంగ్ గారు, పెంగ్ గారు, రాజీ సంఘం పెద్దలు, సర్టిఫికెట్ ఇచ్చిన ప్రొఫెసర్ గారు, నేను, అందరం అక్కడే కూర్చుని రుమాళ్ళతో చెమట తుడుచుకుంటున్నాం. బావమరిది గోడ దగ్గర ఆపిన తన కారుని రెండుసార్లు వెనక్కి జరిపించాడు.

మిన్‌మిన్‌కి కొత్త బూట్లు తొడిగి గోడకి కొంచెం దూరంలో నిలబెట్టారు. ముందు కొత్త బంతి పెట్టారు. ఆ పిల్ల పొలం వైపు చాలాసేపు చూసి, నన్ను పిలిచింది.

"తాతా, ఆ చెట్ల వెనక ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరన్నాను.

"ఇళ్ళు?"

ఇళ్ళు చాలా దూరం అన్నాను.

"ఎంత దూరం?"

ఆ పిల్ల రెండు అడుగులు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేస్తే గోడ తగులుతుందని గుర్తొచ్చి మళ్ళీ ముందుకి వచ్చింది. బంతికీ గోడకీ మధ్య ఎటూ కదలకుండా నిలబడిపోయింది. కెమెరాలు దాని ముఖం మీదే ఉన్నాయి. హోంగ్ గారు మైకు తీసుకుని, మండలం గర్వించే బిడ్డ భయపడకూడదని ఊరడించసాగారు.

అప్పుడు ఛావ్‌యెన్ లేచింది. తన కుర్చీని రెండు చేతులతో ఎత్తుకుని రోడ్డు దాటి, గోడ పక్క నీడలో వేసుకుని, వీపు గోడకి ఆనించి కూర్చుంది. మైకు లేకుండానే ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"ఎండలో ఎందుకండీ కూర్చోవడం? ఇక్కడ నీడగా ఉంది. అధ్యక్షులు గారూ, రండి. పెంగ్ గారూ, మీరూ రండి. ప్రొఫెసర్ గారిని కూడా తీసుకురండి. గోడ గట్టిదే కదా."

ఎవరూ లేవలేదు. ప్రొఫెసర్ గారు బూటు తాడు కట్టుకోవడానికి వంగారు. కెమెరాలు పిల్లను వదిలి మా కుర్చీల వైపు తిరిగాయి. నా చేతిలోని కాగితపు రుమాలు ముద్దయిపోయింది.

హోంగ్ గారు ఒక్కసారి ఆ నీడను చూశారు. ఆ తర్వాత గోడను చూశారు. చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఈ మండలంలో ఉన్న నీడ అంతా తల్లులకే అంకితం. మేం మగవాళ్ళం ఎండలో ఉంటాం. ఉండాలి" అన్నారు.

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. డప్పులవాళ్ళు అదే అదననుకుని అందుకున్నారు. రాత్రి వార్తల్లో ఆ ముక్కే పదేపదే వేశారు.

ఛావ్‌యెన్ మాత్రం లేవలేదు. డప్పులు మోగుతున్నా అలాగే వీపు ఆనించి కూర్చుంది. ఆమెకి కావలసింది హోంగ్ గారు కాదని, దూరంగా నిలబడ్డ కూతురు తనని చూడాలని నాకు అప్పుడు తట్టింది. మిన్‌మిన్ చూసింది. చూసి బావురుమంది. "లే అమ్మా, పడుతుంది, లే" అని ఏడుస్తూ వచ్చి, తల్లికి జానెడు దూరంలో ఆగిపోయి, చెయ్యి పట్టుకుని లాగడానికి ధైర్యం చాలక అక్కడే నేల మీద కూలబడింది. ఇక ఛావ్‌యెన్ లేవక తప్పలేదు. వెన్‌షాన్ వచ్చి కుర్చీ తీసుకున్నాడు. ముగ్గురూ ఇంటికి వెళ్ళిపోయారు. సన్మానపత్రం నేను వెళ్ళి ఇచ్చి వచ్చాను. మర్నాడు ఉదయం టిఫిన్లు యథాప్రకారం ఆఫీసుకి చేరాయి.

సెప్టెంబరు చివర్లో తుఫాను వచ్చింది. గోడ గట్టిదే కాబట్టి ఎవరూ ఇళ్ళు వదలాల్సిన పనిలేదని మైకులో చదవమని నాకు కాగితం వచ్చింది. చదివాను. చదివి బయటికి వచ్చేసరికి హోంగ్ గారి భార్య, పిల్లలు, బావమరిది కుటుంబం సూట్‌కేసులతో బడి మేడ ఎక్కుతూ కనిపించారు. అది చూసి ఊరు ఊరంతా వెనకాలే ఎక్కింది. ప్రభుత్వం మాట వినని ప్రజలు కూడా ప్రభుత్వం ఇంటివాళ్ళను చూసి నేర్చుకుంటారు. అందుకే ఆ వరదలో మా ఊళ్ళో ప్రాణనష్టం లేదు.

తరగతి గదుల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. వెన్‌షాన్ కుటుంబం నా పక్కనే. మిన్‌మిన్ తల్లికి కొంచెం ఎడంగా, చేతులు చంకల్లో దాచుకుని నిద్రపోయింది. బయట గాలీ వానా కలిసి వాయించాయి. తెల్లారి కిటికీ తెరిచి చూస్తే, వంతెన నుంచి బడి దాకా గోడ లేదు. ఏరు ఊళ్ళోకి వచ్చేసింది. వీధుల్లో నడుం లోతు నీళ్ళు. ఆ నీళ్ళ నిండా థర్మోకోల్ పెట్టెలు తెల్ల బాతుల్లా తేలుతున్నాయి. చేపల చెరువు దగ్గర కాపలా ఉండిపోయిన ఇద్దరు మనుషులు ఆ పెట్టెలు పట్టుకునే ఒడ్డుకి చేరారు. గోడ కూలిపోతూ కూడా ప్రజల ప్రాణాలు కాపాడిందని హోంగ్ గారు మధ్యాహ్నానికల్లా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని టీవీలో చెప్పారు.

తెల్లవారుజామున మాత్రం ఇంకో సంగతి జరిగింది. అది టీవీలో రాలేదు. గోడ పడిపోయింది, మొత్తం పడిపోయింది అని కిటికీ దగ్గర ఎవరో అంటుంటే మిన్‌మిన్ లేచి కూర్చుంది. కాసేపు ఎటో చూసి, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నేను ఇక్కడే ఉన్నాను కదా?"

"ఇక్కడే ఉన్నావు."

"రాత్రంతా?"

"రాత్రంతా. నేను మేలుకునే ఉన్నాను."

పిల్ల తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత మోకాళ్ళ మీద జరిగి వెళ్ళి తల్లి మెడ చుట్టూ వేసి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఛావ్‌యెన్‌కి ఊపిరి ఆడలేదు. అయినా వదలమనలేదు. వెన్‌షాన్ లేచి తరగతి గది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మిగతా వాళ్ళం కిటికీలోంచి వరదను చూశాం.

నీళ్ళు తీశాక ఊరంతా బురద ఎత్తే పనిలో పడింది. టిఫిన్ దుకాణంలో ఛావ్‌యెన్ పెనానికి పట్టిన మట్టి గీకుతోంది. లోపల మిన్‌మిన్ గిన్నెలు కడిగి, ఒకదాని మీద ఒకటి చప్పుడయ్యేలా బోర్లిస్తోంది. నేను బయట బల్లలు కడుగుతూ సాయం చేస్తున్నాను. పెంగ్ గారు స్కూటరు తోసుకుంటూ బురదలో నడిచి వచ్చారు. ఎప్పటిలాగే మర్యాదగా తలవంచి, గ్రామపెద్దగా నా వాంగ్మూలం కావాలన్నారు. ఈసారి నష్టం పెద్దదని, ఎన్నికలు కూడా దగ్గర్లో ఉన్నాయి కాబట్టి విచారణ త్వరగా ముగించమని అధ్యక్షుల వారు ఆదేశించారని చెప్పారు.

"తుఫాను రాత్రి ఆ పాప ఎక్కడుంది?"

"బళ్ళో. నా పక్కనే."

"మేలుకుని ఉందా?"

"లేదండీ. నిద్రపోయింది."

"మీ కళ్ళారా చూశారా?"

చూశానన్నాను. పెంగ్ గారు కాసేపు పెన్నుతో గడ్డం గీరుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నిద్రలో కాలు ఏమైనా కదిపిందా?" అని అడిగారు.

నాకు అబద్ధమాడే అలవాటు లేదు. ఒకసారి దుప్పటి తన్నేసిందని చెప్పాను.

పెంగ్ గారు కొత్త పేజీ తిప్పారు.

"ఏ వైపుకి?"